లినక్స్ కంప్యూటర్‌లో ఆకాశవాణి, దూరదర్శన్ పెట్టుకోవడం ఎలా?

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్‌కు బదులు ఉబుంటు, మింట్ లాంటి ఏదో ఒక రకం లినక్స్ వేసుకోగానే ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: ‘ఇందులో టీవీ, రేడియో వస్తాయా?’ వస్తాయి. ప్రసారభారతి ప్రజల డబ్బుతో నడిచే సంస్థ. విండోస్ ఉన్నవాళ్లకు అందే వార్తలు లినక్స్ వాడేవాళ్లకూ అంతే సులువుగా అందాలి. చాలావరకు అందుతున్నాయి కూడా, కాస్త సెట్టింగులు చూసుకుంటే చాలు.

1. ముందు బ్రౌజర్ తెరవండి
యాప్ కోసం వెతకనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌ను అప్‌డేట్ చేసి, రేడియోకి ‘న్యూస్ ఆన్ ఎయిర్’ వెబ్‌సైట్‌కు వెళ్లండి. టీవీకి యూట్యూబ్‌లో దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ఛానళ్లు చూడండి. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది.

2. వీడియో రాకపోతే కోడెక్ చూడండి
కుదించిన వీడియోను విప్పి చూపే చిన్న సాఫ్ట్‌వేరే కోడెక్. ఎక్కువ వీడియోలు హెచ్.264 అనే కుదింపు పద్ధతిలో ఉంటాయి. దానికి పేటెంట్ల గొడవ ఉంది కాబట్టి కొన్ని లినక్స్‌లు కోడెక్‌లన్నీ ముందే పెట్టి ఇవ్వవు. మింట్‌లో అయితే మెనూలోని ‘సౌండ్ అండ్ వీడియో’ కింద ‘ఇన్‌స్టాల్ మల్టీమీడియా కోడెక్స్’ నొక్కండి. ఉబుంటు ఇన్‌స్టాల్ చేసేటప్పుడే అదనపు మీడియా ఫార్మాట్లు కావాలా అని అడుగుతుంది, అక్కడ టిక్ పెట్టండి. ఫెడోరా అనే మరో లినక్స్‌కి ‘ఆర్‌పీఎం ఫ్యూజన్’ అనే అదనపు సాఫ్ట్‌వేర్ల భండారం జోడించుకోవాలి.

3. డీఆర్‌ఎం తాళం
కొన్ని ఓటీటీలు కాపీ కాకుండా వీడియోకి తాళం వేస్తాయి. దాన్నే డీఆర్‌ఎం అంటారు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ‘ప్లే డీఆర్‌ఎం-కంట్రోల్డ్ కంటెంట్’ ఆన్ చేయండి. క్రోమ్‌లో ఆ తాళంచెవి ముందే ఉంటుంది, దానికి మూలమైన ఓపెన్ సోర్స్ బ్రౌజర్ క్రోమియంలో మామూలుగా ఉండదు. అంతా సరిగ్గా ఉన్నా కొన్నిచోట్ల లినక్స్‌కి హెచ్‌డీ ఇవ్వరు. అప్పుడు నెట్ ప్యాక్ మార్చి లాభం లేదు. ప్రజల డబ్బుతో తీసిన కార్యక్రమానికి ఈ తాళం వేయకూడదన్నది నా గట్టి అభిప్రాయం.

4. రేడియోకి వీఎల్‌సీ
పాత మెషీన్‌లో బ్రౌజర్ మెమరీ తినేస్తుంది. పొద్దున్నే వార్తలు వినడానికి అంత బరువెందుకు? వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ చాలు. స్టేషన్ పేజీలో ఎఫ్12 నొక్కి, ‘నెట్‌వర్క్’ ట్యాబ్ తెరిచి, రేడియో ప్లే చేయండి. పైన ఉన్న ఫిల్టర్ పెట్టెలో ‘ఎం3యూ8’ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఒకట్రెండు వరుసలు మిగులుతాయి. మొదటిదాని మీద రైట్ క్లిక్ చేసి యూఆర్‌ఎల్ కాపీ చేసుకోండి. వీఎల్‌సీలో కంట్రోల్+ఎన్ నొక్కి, అక్కడ పేస్ట్ చేసి ప్లే చేయండి. పాట మొదలయ్యాక కంట్రోల్+వై నొక్కి ప్లేలిస్ట్‌ను డెస్క్‌టాప్ మీద సేవ్ చేస్తే, రేపటినుంచి డబుల్ క్లిక్ చాలు. అమ్మానాన్నలకి ఇలా పెట్టిస్తే మళ్లీ మళ్లీ అడిగే పనుండదు. లింకు మారిపోతే ఇదే పని ఇంకోసారి చేయాలి. డీఆర్‌ఎం ఉన్నవాటికి ఈ దారి పనిచేయదు.

5. అయినా రాకపోతే అడగండి
అడిగితే మారుతుందనడానికి బ్రిటన్‌లో జరిగిందే ఉదాహరణ. బీబీసీ కార్యక్రమాలను ఇంటర్నెట్‌లో అందించే ఐప్లేయర్ 2007 జులైలో విండోస్ ఎక్స్‌పీ వాళ్లకే వచ్చింది. బీబీసీని నడిపే టీవీ లైసెన్సు ఫీజు అందరం కడుతున్నాం కదా అని లినక్స్, మ్యాక్ వాడేవాళ్లు నిలదీశారు. ప్రధాని కార్యాలయం వెబ్‌సైట్‌లో పెట్టిన పిటిషన్‌కు 16 వేలకు పైగా సంతకాలు పడ్డాయి. అన్ని కంప్యూటర్లలోనూ నడిచేలా చేయాలని పర్యవేక్షక సంస్థ బీబీసీ ట్రస్ట్ ముందే షరతు పెట్టింది. అదే ఏడాది డిసెంబరుకల్లా బ్రౌజర్‌లో చూసే సౌకర్యం వచ్చింది.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వ సీపీగ్రామ్స్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ‘పనిచేయట్లేదు’ అని మాత్రం రాసి వదిలేయకండి. ఏ ఛానల్, ఎన్ని గంటలకు, ఏ లినక్స్, ఏ బ్రౌజర్ వెర్షన్, తెరమీద ఏ ఎర్రర్ వచ్చిందో రాసి, స్క్రీన్‌షాట్ జతచేయండి. అదే లింకు విండోస్‌లో నడుస్తోందో లేదో కూడా చూసి రాయండి.