పిల్లల ఫిట్‌నెస్ కొలుద్దాం – 3వ పాఠం: బీఎంఐ అంకెను చదవడం

పోయిన పాఠంలో పిల్లల ఎత్తు, బరువు తీసి నోటుబుక్కులో రాసుకోమన్నాను. ఈసారి ఆ రెండు అంకెలతోనే పని. ఇంకా రాయనివాళ్ళు ముందు అది కానిచ్చి రండి. ఉజ్జాయింపు అంకెలతో ఈ పాఠం సాగదు.

బీఎంఐ అంటే ఎత్తుకు తగ్గ బరువుందా లేదా అని చూపే అంకె. లెక్క చిన్నదే. బరువు కిలోల్లో, ఎత్తు మీటర్లలో ఉండాలి. ఎత్తును ఎత్తుతోనే గుణించి, వచ్చినదానితో బరువును భాగించాలి. నిండా పదేళ్ళున్న ఓ అబ్బాయిని తీసుకుందాం. బరువు 36 కిలోలు, ఎత్తు 138 సెంటీమీటర్లు, అంటే 1.38 మీటర్లు. 1.38ని 1.38తో గుణిస్తే 1.9044. దానితో 36ను భాగిస్తే 18.9.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది దీని తర్వాతే. ఎక్కడో చూసిన పెద్దవాళ్ళ పట్టిక పట్టుకొస్తారు. అందులో 18.5 నుంచి 24.9 దాకా మామూలు బరువు, అంటే మనవాడు భేషుగ్గా ఉన్నట్టే! కానీ పిల్లలకు ఆ పట్టిక పనికిరాదు. బీఎంఐ ఐదారేళ్ళ వయసులో బాగా తగ్గి, ఆ తర్వాత ఏటేటా పెరుగుతూ పోతుంది. అందుకే వయసును బట్టి, ఆడపిల్లా మగపిల్లాడా అన్నదాన్ని బట్టి హద్దులు మారతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో 5–19 ఏళ్ళవారికి ఇచ్చిన పట్టికలో పదేళ్ళ అబ్బాయిలకు నడిమి అంకె 16.4. 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం, 13.7 కంటే తగ్గితే బక్కతనం. అదే వయసు అమ్మాయిలకు ఆ అంకెలు వరుసగా 16.6, 19.0, 22.6, 13.5. ఈ లెక్కన మనవాడు అధిక బరువు గీత దాటేశాడు. మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం 2015లో ఇచ్చిన చార్టులు ఇంకాస్త కఠినం. డాక్టరుగారు ఏ చార్టు చూస్తున్నారో అడిగి తెలుసుకోండి.

దీనికి తిరకాసు కేసు కూడా ఉంటుంది. "మావాడు ఎండిపోతున్నాడు సార్" అంటూ ఓ తల్లి టెన్షన్ పడుతూ నా దగ్గరికొచ్చింది. పదేళ్ళవాడికి 16.5. పెద్దల పట్టికలో తక్కువే, పిల్లల పట్టికలో మాత్రం నట్టనడుమ. అప్పటికే పాపం వాడికి పూటపూటా నెయ్యి ముద్దలు మొదలైపోయాయి.

ఇంకో మాట, కొలత గురించి. పైన చెప్పిన అబ్బాయి బూట్లతో నిలబడి 140 సెంటీమీటర్లు వచ్చాడనుకోండి. బీఎంఐ 18.4కి దిగి, మామూలు వరుసలోకి వెళ్ళిపోతాడు. తేడా రెండు సెంటీమీటర్లే! కొత్తలో నేనూ బెల్లు కొట్టేస్తారన్న తొందరలో బూట్లతోనే కొలిచేశాను, తర్వాత క్లాసంతా మళ్ళీ కొలవాల్సొచ్చింది. బూట్లు విప్పించండి, నెత్తిమీద జడ ముడి ఉంటే విప్పించండి, మడమలు గోడకు ఆనాలి.

సరే, అంకె వచ్చింది. అయితే ఫిట్‌నెస్ తెలిసిపోయినట్టేనా? బీఎంఐకి కండకీ కొవ్వుకీ తేడా తెలీదు. కబడ్డీ ఆడే గట్టి పిల్లాడు గీత దాటొచ్చు. బీఎంఐ 15 దగ్గరున్న సన్నపిల్ల రెండంతస్తులు ఎక్కి ఆయాసపడొచ్చు. ఆ పిల్లను ఎవరూ పట్టించుకోరు, నా బెంగంతా అదే. కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు పెట్టే ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలో 9 ఏళ్ళు దాటినవారికి బీఎంఐతో పాటు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగడం, కర్ల్ అప్స్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపడం), పుషప్స్ పెట్టింది ఇందుకే.

ఇంటిపని: ఒకే బిడ్డను బూట్లతో ఒకసారి, లేకుండా ఒకసారి కొలిచి రెండు బీఎంఐలు కట్టండి. అంకెను మాత్రం పదిమందిలో పైకి చదవకండి, "బొండాం" అని పేరుపడిన పిల్లాడు మళ్ళీ గ్రౌండు ముఖం చూడడు. వచ్చే పాఠానికి 50 మీటర్ల దూరం టేపుతో కొలిచి రెండు చివర్లా సున్నంతో గీతలు గీసి ఉంచండి. ఆ దూరం పన్నెండుసార్లు పరిగెత్తితే 600 మీటర్లు.