ఎదుటివాళ్ల తీరుకు మనం ఉడికిపోతుంటే: సమస్య - పరిష్కారం

సమస్య: అక్కడ నోరు పెగలదు, ఇంటికొచ్చాక పేలిపోతుంది

పొగాకు వేలం రోజుల్లో కందుకూరు, ఒంగోలు వైపు చూస్తూనే ఉంటాం. కొనుగోలుదారు ఆకు ఓసారి నలిపి, నోబిడ్, అంటే ఇది కొనను అని, పక్క బేలుకు (పొగాకు కట్టకు) వెళ్లిపోతాడు. రైతుకు దవడ బిగుస్తుంది, చెవులు వేడెక్కుతాయి. అక్కడ ఏమీ అనలేడు. సాయంత్రం మంచినీళ్లు తెచ్చిచ్చిన భార్య మీద అరుస్తాడు.

కారణం: అవమానాన్ని కూడా మెదడు ప్రమాదంగానే లెక్కేస్తుంది. అడ్రినలిన్ పెరిగి గుండె దడదడలాడుతుంది, ఆలోచన తర్వాతెప్పుడో వస్తుంది. ఆ కోపం తిరిగి ఏమీ అనలేనివాళ్ల మీదకే మళ్లుతుంది.

పరిష్కారం: దడ తగ్గేదాకా జవాబు ఆపండి. ఊపిరి పీల్చేదానికన్నా నిదానంగా వదలండి. గడప తొక్కగానే "నోబిడ్ అయింది, మండిపోతున్నా, కాసేపు పలకరించొద్దు" అని చెప్పేయండి. మనసులోది ఫలానా అని పేరు పెట్టి చెబితే ఉధృతి తగ్గుతుందని 2007లో మనస్తత్వ శాస్త్రవేత్త లీబర్‌మన్ బృందం చేసిన మెదడు స్కానింగుల్లోనూ కనిపించింది. కోపమంతా కక్కేస్తే చల్లారుతుందన్న మాట మాత్రం నమ్మకండి. 2002లో బుష్‌మన్ అనే మరో మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగంలో, తమను కించపరిచిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగ్‌ను గుద్దినవాళ్లకే కోపం ఎక్కువైంది, ఊరకే కూర్చున్నవాళ్లకు తక్కువే ఉంది. టీకొట్టు దగ్గర నలుగురికీ అదే కథ చెప్పుకోవడం కూడా గుద్దడం లాంటిదేనని నా అభిప్రాయం.

సమస్య: రాత్రి పడుకున్నా ఆ మాటే చెవిలో

నెల్లూరులో ఏ పెళ్లికి వెళ్లినా ఒక పెదనాన్న ఉంటాడు: "ఏందిరా, ఇంకా ఉద్యోగం రాలా?"

కారణం: మాట ఆయనది, "నన్ను చేతకానివాడంటున్నాడు" అన్న అర్థం మాత్రం మనం కట్టుకున్నది. మనం విసుక్కుంటే టెన్షన్ అంటాం, ఎదుటివాళ్లు విసుక్కుంటే బుద్ధే అంత అంటాం.

పరిష్కారం: ఆ మాటకు ఇంకో రెండు అర్థాలు వెతకండి. మాట్లాడటానికి వేరే ఊసు దొరక్క అని ఉండొచ్చు, సొంత కొడుకు గురించిన దిగులూ కావచ్చు. నిజంగానే పొడవాలని అన్నాడా? అయినా జవాబు మారదు: "రాలేదు పెదనాన్నా, వస్తే మొదటి ఫోన్ మీకే." ఆ వెంటనే భోజనాల వైపు నడవండి.

సమస్య: ఎప్పుడూ ఆ ఒక్క మనిషితోనే

ఇక్కడ సర్దుకుపోవడమే అలుసైంది. గొడవ లేని రోజు చూసి, "అత్తయ్యా, పిల్లల ముందు అలా అంటే నేను లేచి వెళ్లిపోతా" అని నెమ్మదిగా చెప్పండి. మళ్లీ అన్నప్పుడు నిజంగా లేవండి, లేకపోతే చెప్పీ దండగే.

కొట్టడం, బెదిరించడం ఉంటే ఇవేవీ పనికిరావు. అది మీ కోపం సమస్యే కాదు. 112కు, ఆడవాళ్లయితే 181కి కూడా ఫోన్ చేయొచ్చు. వారాల తరబడి నిద్ర, తిండి సరిగా లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.