స్కోప్ బేస్ బెడ్డింగ్‌కి ఏ రిలీజ్ ఏజెంట్ వాడాలి?

రైఫిల్ మీద స్కోప్‌ని మోసే లోహపు పట్టీ బేస్. దానికీ, రిసీవర్‌కీ (రైఫిల్ ప్రధాన లోహ భాగం) మధ్య ఖాళీని ఎపాక్సీ జిగురుతో నింపడమే బెడ్డింగ్. ఆ జిగురు రిసీవర్‌కి అంటకుండా ముందే రాసే పూత రిలీజ్ ఏజెంట్. బెడ్డింగ్ అనగానే అందరూ ఏ ఎపాక్సీ మంచిదని అడుగుతారు. రిలీజ్ ఏజెంట్ గురించి అడిగేవాళ్లు తక్కువ, చేతికి ఏ నూనె దొరికితే అది పూసేస్తారు. నేను మాత్రం ముందు ఆ డబ్బానే ఎంచుకుంటాను. నేను చూసేది ఒక్కటే: రాసిన చోట కదలకుండా ఉంటుందా?

కారణం ఉంది. బేస్ అడుగున ఎపాక్సీ గట్టిగా పట్టాలి. రిసీవర్ మీద అస్సలు పట్టకూడదు. ఈ రెండు ఉపరితలాల మధ్య ఎడం వెంట్రుకంత. రిసీవర్ మీది జిడ్డు కాస్త పాకినా, గరుకు చేసి శుభ్రం చేసిన బేస్ వైపుకి చేరిపోతుంది. అప్పుడు ఎపాక్సీ విడిపోవాల్సిన చోట కాకుండా పట్టాల్సిన చోట ఊడి వస్తుంది. పలచటి గన్ ఆయిల్, వంటనూనె స్ప్రేలు నేను దూరం పెట్టేది అందుకే. అవి పాకడమే కాదు, ఇంకా గట్టిపడని ఎపాక్సీలో కలిసి పైపొరను మెత్తగా వదిలేస్తాయి. సిలికాన్ స్ప్రే విడిపించడంలో గట్టిదే. కానీ గాల్లో తేలే తుంపర బల్ల మీద, గుడ్డ మీద, చేతి మీద పడుతుంది, కడిగినా ఓ పట్టాన పోదు. బేస్ అదే గదిలో ఉంటే ఆ డబ్బా మూత తియ్యను.

అసలు బెడ్డింగ్ అవసరమో కాదో ముందు తేల్చుకోండి. బోల్ట్, మ్యాగజైన్ తీసేసి, చాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసుకోండి. బేస్ పెట్టి ముందు వైపు స్క్రూలు మాత్రమే బిగించి, వెనక వైపు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి లోహపు ఆకులు) దూర్చి చూడండి. ఆకు దూరిందంటే, వెనక స్క్రూలు బిగించినప్పుడు బేస్ వంగుతుంది, రింగుల్లో ఉన్న స్కోప్ ట్యూబ్ కూడా దానితోపాటే వంగుతుంది. ఎక్కడా దూరకపోతే ఈ శ్రమంతా అక్కర్లేదు, డబ్బా మూత పెట్టేయండి.

నా మొదటి ఎంపిక పేస్ట్ మైనం. రంగు లేని షూ పాలిష్ గానీ, కార్నాబా (ఒక రకం తాటి మైనం) ఉన్న ఫర్నిచర్ వ్యాక్స్ గానీ సరిపోతుంది. చాలామంది వాడిన జాన్సన్ పేస్ట్ వ్యాక్స్ తయారీ 2021లో ఆగిపోయింది. దాని కోసం వెతికి టెన్షన్ పడక్కర్లేదు, అలాంటివి ఇంకా ఉన్నాయి. ద్రవరూపంలో వచ్చే షూ పాలిష్, మెరుపు కోసం సిలికాన్ కలిపిన కార్ పాలిష్ మాత్రం వద్దు. డబ్బా మీద రాసింది చదవండి. పలచగా రాసి, మసకబారేదాకా ఆరనిచ్చి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ ఒక పూత వెయ్యండి. కంటికి కనిపించేంత మైనం ఉంటే ఎక్కువైనట్టే, ఆ గీతలన్నీ ఎపాక్సీలో అచ్చు పడతాయి. నున్నటి బ్లూయింగ్‌కి (ఉక్కుకిచ్చే నీలి నలుపు ఫినిష్) రెండు పూతలు చాలు. పార్కరైజింగ్ (ఫాస్ఫేట్ పూత) చేసిన ఉపరితలం సన్నటి రంధ్రాలతో మైనాన్ని పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ ఒకటి రెండు పూతలు ఎక్కువ వేస్తాను.

పీవీఏ (పాలీవినైల్ ఆల్కహాల్) అనే రిలీజ్ ద్రవం ఆరాక ప్లాస్టిక్ పొరలా మారుతుంది, పని అయ్యాక నీళ్లతో పోతుంది. పెద్ద అచ్చుల పనిలో దానికి సాటి లేదు. రిసీవర్ లాంటి చిన్న గుండ్రటి ఉపరితలం మీద మాత్రం అంచుల్లో పేరుకుంటుంది, స్క్రూ రంధ్రాల చుట్టూ ముడతపడుతుంది. తప్పదంటే స్పాంజితో అద్ది, పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకండి. హోర్నడీ వన్ షాట్ లాంటి పొడి పొర మిగిల్చే స్ప్రేలు వాడేవాళ్లూ ఉన్నారు. పొర చాలా పలచగా వస్తుంది, నాకు అభ్యంతరం లేదు. బేస్‌ని వేరే గదిలో పెట్టి కొట్టండి.

కొత్త డబ్బా ఏదైనా సరే, రైఫిల్ మీదే మొదటి ప్రయోగం చెయ్యకండి. అదే రకం ఫినిష్ ఉన్న ఇనప ముక్క మీద పూసి, మీరు వాడబోయే ఎపాక్సీనే ఒక చుక్క పెట్టండి. జేబీ వెల్డ్ ఒరిజినల్ ఎపాక్సీ అయితే 4 నుంచి 6 గంటల్లో బిగుస్తుంది, పూర్తిగా గట్టిపడటానికి 15 నుంచి 24 గంటలు. మర్నాడు గోటితో మీటితే చుక్క ఎగిరిపోవాలి.

పని వరస కూడా ముఖ్యమే. మైనం పని పూర్తిగా ముగించి, గ్లోవ్స్ మార్చి, ఆ తర్వాతే బేస్ అడుగు గరుకు చేసి అసిటోన్‌తో తుడవండి. స్క్రూల మరలకి, తల కిందికి, రిసీవర్ రంధ్రాల్లోకి మైనం తప్పనిసరి. రంధ్రం లోపలికి, అంచు కిందికి దిగి గట్టిపడ్డ ఎపాక్సీ మేకులా పట్టేస్తుంది, దాన్నుంచి ఏ రిలీజ్ ఏజెంటూ కాపాడలేదు. అలాంటి ఖాళీలను మోడలింగ్ క్లేతో పూడ్చండి. తర్వాత బేస్ వెనక భాగం అడుగున ఎపాక్సీ పెట్టి, ముందు వైపు స్క్రూలు బిగించి, వెనకవి తగిలీ తగలనట్టు వదిలేయండి. పక్కలకి పొంగిన ఎపాక్సీని మెత్తగా ఉండగానే తుడిచెయ్యండి.

గట్టిపడ్డాక బేస్ రాకపోతే సుత్తి అందుకోకండి. స్టాక్, స్కోప్ విప్పేసి, రిసీవర్‌ని సంచిలో చుట్టి కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. అల్యూమినియం ఉక్కుకి దాదాపు రెట్టింపు కుంచించుకుంటుంది. 10 సెంటీమీటర్ల బేస్ 40 డిగ్రీలు చల్లబడితే రెండిటి మధ్య తేడా సుమారు 0.04 మిల్లీమీటర్లు. మైనం పట్టు వదలడానికి చాలాసార్లు అది చాలు, పక్క నుంచి చెక్క ముక్కతో ఒక చిన్న దెబ్బ వేస్తే ఊడుతుంది. ఉక్కు బేస్‌కి ఈ కిటుకు అంతగా పనిచెయ్యదు. బయటికి తీశాక చెమ్మ పూర్తిగా ఆరబెట్టండి, తుప్పు పడుతుంది.

చివరగా మైనం తొలగించాలి. అసిటోన్ మైనాన్ని సరిగా కరిగించదు, ముందు మినరల్ టర్పెంటైన్‌తో కడిగి, తర్వాత అసిటోన్ వాడండి. రంగు వేసిన ఫినిష్ అయితే అసిటోన్‌ని ముందు కనిపించని మూల పరీక్షించండి. మరల్లో మైనం మిగిలితే లోక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా వేసే జిగురు) పట్టదు, టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే పనిముట్టు) చూపించే అంకె కూడా నమ్మడానికి ఉండదు. పళ్లు తోమే పాత బ్రష్‌తో రిసీవర్ మరలు రుద్ది, తెల్ల గుడ్డ తిప్పి తీస్తే మరక రాకూడదు. వస్తే మళ్లీ కడగండి.