జాతర బొమ్మ సైనికులు బల్ల యుద్ధానికి

చెరువుగట్టు, కురుమూర్తి జాతరల్లో కవరు లెక్కన అమ్మే ఆకుపచ్చ ప్లాస్టిక్ సైనికులు చాలు, బల్ల మీద బొమ్మలతో ఆడే యుద్ధపు ఆటకు. ముందు స్కేలు పెట్టి కొలవండి: బొమ్మ మనిషి ఎత్తు 54 మి.మీ. ఉంటే 1/32 (అంటే అసలు మనిషిలో 32వ వంతు), 23–25 ఉంటే 1/72. రెండూ ఒకే బల్ల మీద కలపొద్దు.

అసలు చిక్కంతా రంగుతోనే. ఈ బొమ్మల మెత్తటి పాలిథిన్ వంగినప్పుడల్లా తుపాకీ గొట్టం, చీలమండల దగ్గర రంగు పెచ్చులుగా లేస్తుంది. అచ్చులోని జిడ్డు మిగిలితే ఇంకా తొందరగా ఊడుతుంది. గిన్నెల సబ్బు, పాత టూత్ బ్రష్‌తో రుద్ది కడగండి. ఆరాక కొంచెం నీళ్లు కలిపిన ఫెవికాల్ పల్చగా పూసి, రాత్రంతా వదిలేయండి. తర్వాత అక్రిలిక్ రంగు, పైన మ్యాట్ వార్నిష్.

వంకర తుపాకీని బాగా కాగిన నీళ్లలో నిమిషం ముంచి, సరిచేసి, పట్టుకునే చల్లనీళ్లలో పెట్టాలి. పాలమూరు మే ఎండలో ఆరబెట్టారో, మళ్లీ వంకరే!

పాలిథిన్‌కు ఫెవిక్విక్ పట్టదు. తల మార్చాలంటే మెడలో సన్నటి తీగ గుచ్చాల్సిందే. అడుగున 25 మి.మీ. ఇనుప వాషర్ పెట్టి, ఎంసీల్ ముద్దను బొమ్మ కాళ్ల కింది పీట అంచుల మీదికి ఎక్కేలా అదమండి. అంటకపోయినా పట్టు వదలదు. అది పచ్చిగా ఉండగానే క్రషర్ డస్ట్ చల్లితే దేవరకొండ గుట్టల నేల తయారు.

బండ్లకు 1/64 లోహపు బొమ్మ కార్లు తీసుకోండి. 1/72 సైనికుల పక్కన కాస్త పెద్దవే, ఆటలో నడిచిపోతాయి. మెరుపు పోయేలా 400 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్ది రంగేయండి.