సీ లాంగ్వేజిలో అర్రేని ఫైల్లో దాచి, చెక్కుచెదరకుండా తిరిగి తెచ్చుకోవడం ఎలా?

గుణుపూర్ కొండల్లో వాన దంచికొడితే వంశధార పొంగి, కింద హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీకి వరద తగులుతుంది. రాయగడ మీదుగా వచ్చే నాగావళి సంగతీ అంతే. అందుకే మా వైపు ఇంజినీరింగ్ పిల్లలు ప్రాజెక్టు ఏం చేయమంటారని అడిగితే రెయిన్ గేజ్ చేయమంటాను. ఆర్డునో ఊనో ఆర్3 లాంటి చిన్న బోర్డు గంటగంటకీ వాన కొలిచి మెమరీ కార్డులో రాస్తుంది, ఇంట్లో ల్యాప్‌టాప్ దాన్ని చదువుతుంది. సెన్సార్ పని తొందరగానే తెములుతుంది. టెన్షన్ అంతా ఆ అంకెల అర్రేని బైట్ల వరసగా మార్చి రాయడంలో, మళ్లీ అదే అర్రేగా చదవడంలో ఉంటుంది. సీరియలైజ్, డీసీరియలైజ్ అనేది ఈ పనినే.

ముందుగా తట్టే దారి, అర్రే అడ్రసిచ్చి మెమరీలో ఉన్నదంతా ఒక్క దెబ్బకి ఫైల్లో రాసేయడం. రాసిన మెషీనే చదివితే ఇబ్బంది రాదు. కానీ ఊనోలో ఇంట్ అంటే 2 బైట్లు, ల్యాప్‌టాప్‌లో 4. అక్కడ రాసిన రెండు అంకెలు ఇక్కడ ఒక్కటిగా అతుక్కుపోతాయి. కాబట్టి ఫైల్లో ఏ బైటు ఎక్కడుండాలో మీరే నిర్ణయించండి, కంపైలర్‌కి వదలకండి.

1. సైజు ఖాయం చేసుకోండి. ఇంట్, లాంగ్ వద్దు. 1999 సీ ప్రమాణంతో వచ్చిన ఎస్‌టీడీఇంట్ (stdint.h) హెడర్ ఫైల్లో కచ్చితంగా 16 బిట్లు, 32 బిట్లు ఉండే టైపులున్నాయి. వానకి 16 బిట్ల అన్‌సైన్డ్, అంటే మైనస్ లేని సంఖ్య చాలు. దశాంశాల జోలికి పోకుండా మిల్లీమీటరులో పదో వంతుని ఒకటిగా లెక్కపెట్టండి: 12.5 మిల్లీమీటర్లు 125 అవుతుంది, 30 మిల్లీమీటర్లు 300. కొలత అందని గంటకి 65535 కేటాయించండి.

2. బైట్ల వరస తేల్చుకోండి. ఇక్కడ కాస్త నిదానించాలి. 300 అంటే 256 ఒకసారి, పైన 44. చిన్న బైటు ముందు అని పెట్టుకుంటే ఫైల్లో 44, 1 పడతాయి. రాసేటప్పుడు సంఖ్యని 255తో ఆండ్ చేస్తే మొదటి బైటు, 8 బిట్లు కుడికి జరిపితే రెండోది. చదివేటప్పుడు రెండో బైటుని 8 బిట్లు ఎడమకి జరిపి మొదటిదానితో ఆర్ చేయాలి. జరిపేముందు దాన్ని 16 బిట్ల అన్‌సైన్డ్‌గా మార్చడం మరవొద్దు. లేకపోతే ఊనోలో 128, అంతకు పైబడిన బైటు జరిగినప్పుడు సైన్డ్ ఇంట్ హద్దు దాటిపోతుంది.

వరస తారుమారైతే అదే 300 కాస్తా 11265 అవుతుంది, అంటే గంటలో 1126.5 మిల్లీమీటర్ల వాన! అది చూడగానే పట్టుబడుతుంది. అదే 257తో టెస్ట్ చేస్తే రెండు బైట్లూ 1 కాబట్టి తప్పు బయటపడదు. సున్నాతోనూ అంతే. టెస్టుకి 300 లాంటివే తీసుకోండి.

3. ఫైలు మొదట్లో హెడర్, అంటే లోపల ఏముందో చెప్పే బైట్లు పెట్టండి. ఫంక్షన్‌కి పంపిన అర్రేకి తన పొడవు తెలియదు. అక్కడ సైజాఫ్ అడిగితే పాయింటర్ (అర్రే అడ్రసు) సైజే చెబుతుంది, ఊనోలో 2, 64 బిట్ల ల్యాప్‌టాప్‌లో 8. అందుకని కొలతలు ఎన్నో ఆ లెక్కని ఫంక్షన్‌కి విడిగా ఇవ్వండి, ఫైల్లోనూ రాయండి. ఇది మన ఫైలేనని చెప్పే నాలుగు బైట్ల గుర్తు, ఒక బైటు వెర్షన్, రెండు బైట్ల లెక్క సరిపోతాయి. ఈ మూడింటినీ స్ట్రక్ట్‌లో పెట్టి దాన్నే గుండుగుత్తగా రాసేయకండి, మధ్యలో కంపైలర్ ఖాళీ బైట్లు ఇరికించవచ్చు. 125, 0, 300 అనే మూడు కొలతలకి గుర్తు, వెర్షన్ తర్వాత ఫైలు ఇలా సాగుతుంది:

3, 0, 125, 0, 0, 0, 44, 1

4. చివర సీఆర్‌సీ-16, అంటే బైట్లు చెడిపోతే పట్టించే తనిఖీ సంఖ్య చేర్చండి. రెండే బైట్లు. సీసీఐటీటీ రకం వాడుతూ 65535తో మొదలుపెడితే, 1 నుంచి 9 దాకా అంకెల అక్షరాలకి జవాబు 10673 రావాలి. రాకపోతే ముందు ఆ ఫంక్షన్ సరిచేసుకోండి. పై ఫైలు మొత్తం 15 బైట్లు అవుతుంది.

5. చదివేటప్పుడు ఫైలుని నమ్మకండి. గుర్తు, వెర్షన్ సరిపోయాయా చూడండి. లెక్క మీ అర్రేలో పట్టకపోతే అక్కడే ఆపేయండి. ఊనోలో ఉన్న ర్యామే 2048 బైట్లు, పాడైన ఫైలు 60000 కొలతలున్నాయని చెప్పినా చెబుతుంది. చదివిన ప్రతిసారీ అడిగినన్ని బైట్లు వచ్చాయో లేదో సరిచూడండి.

విండోస్ వాడేవాళ్లు ఫైలుని తప్పనిసరిగా బైనరీ మోడ్‌లో తెరవాలి. టెక్స్ట్ మోడ్‌లో 26 అనే బైటు కనిపిస్తే ఫైలు అయిపోయిందనుకుని చదవడం ఆగిపోతుంది. మన లెక్కలో 26 అంటే 2.6 మిల్లీమీటర్లు, ఆషాఢంలో రోజూ పడే జల్లు.

వానాకాలం కరెంటు రాస్తుండగానే పోవచ్చు. రోజుకో బ్లాకుగా రాయండి. 24 కొలతలకి హెడర్, సీఆర్‌సీతో కలిపి 57 బైట్లు, పోతే ఆ ఒక్క రోజే పోతుంది. సీఆర్‌సీ కుదరని బ్లాకు దొరికితే ఆ గంటల్లో 65535 నింపండి, సున్నా మాత్రం వేయకండి. సున్నా చూస్తే కొండల్లో చినుకు పడలేదని కింద ఊళ్లవాళ్లు అనుకుంటారు.