ఆల్‌టైమ్ హాకీ టీమ్‌ని గోల్‌కీపర్ నుంచి మొదలుపెట్టండి

బెంగళూరులో వీకెండ్ వస్తే మా తెలుగు బ్యాచ్‌కి ఇదో ఆట: ఎవరికి వాళ్లు ఆల్‌టైమ్ ఇండియా హాకీ టీమ్‌ని ఏరుకోవాలి, కానీ ధ్యాన్‌చంద్, బల్బీర్ సింగ్ లాంటి పెద్ద పేర్లు నిషిద్ధం. అందరూ ఫార్వర్డ్‌ల మీద ఎగబడతారు. మీరు వెనక నుంచి రండి.

గోల్‌లో ఆశిష్ బల్లాల్. 1998 బ్యాంకాక్ ఏషియాడ్ ఫైనల్‌ షూటౌట్‌లో కొరియాని ఆపింది ఈ బెంగళూరు కుర్రాడే. 1966 తర్వాత మనకి స్వర్ణం అప్పుడే. బ్యాక్‌లో అస్లమ్ షేర్‌ఖాన్ ఉంటే పెనాల్టీ కార్నర్ (ప్రత్యర్థి తప్పు చేస్తే వాళ్ల గోల్ దగ్గర దొరికే ఛాన్స్) బెంగ తీరుతుంది. 1975 ప్రపంచకప్ సెమీస్‌లో మలేషియా మీద స్కోరు సమం చేసిన గోల్ అతనిదే. లెఫ్ట్ హాఫ్‌కి, అంటే మధ్య వరుసలో ఎడమవైపుకి, చెన్నై భాస్కరన్, 1980 మాస్కో స్వర్ణం కెప్టెన్. ఇతన్ని ఎవరూ అడగరు, నాకైతే వింతే.

ముందు వరుస ఆఖర్న చూసుకోవచ్చు, అక్కడ సరుకు ఎప్పుడూ మిగులుతుంది. కొడగు గణేశ్, మూడు ఒలింపిక్స్ ఆడిన మన హైదరాబాద్ ముకేశ్ కుమార్ ఎలాగూ దొరుకుతారు.

ఒలింపిక్స్ హాకీకి టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి, వచ్చింది 1976లో. కాబట్టి అంతకుముందు మామూలు గడ్డి మీద ఆడినవాళ్లనే నింపేయకండి, వాదనలో అక్కడే పట్టేస్తారు.