డనాటర్ కోటకు వెళ్లే విశాఖ వాసులకు

స్కాట్లండ్‌లోని అబర్దీన్‌లో చదువుకుంటున్న పిల్లల దగ్గరకు విశాఖపట్నం నుంచి వెళ్లే తల్లిదండ్రులు ఒక పూట తీరిక చేసుకుని తప్పక చూడవలసిన చోటు డనాటర్ కోట. ఉత్తర సముద్రంలోకి చొచ్చుకుపోయిన, సుమారు 50 మీటర్ల ఎత్తున్న బండ మీద, మూడు వైపులా నీటి నడుమ ఈ శిథిలాలు నిలిచి ఉన్నాయి. అబర్దీన్ నుంచి దక్షిణంగా స్టోన్‌హేవెన్‌కు రైల్లో దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఊరి నుంచి కోట మూడు కిలోమీటర్లు.

బయలుదేరే ముందు గాలి సంగతి తెలుసుకోవాలి. గాలి ఉధృతంగా ఉన్న రోజు కోటను మూసివేస్తారు కాబట్టి, ఆ ఉదయమే కోట వెబ్‌సైటు చూసుకుని కదలండి. తుపాను హెచ్చరిక వస్తే తప్ప మనం గాలిని లెక్కచేయం. ఆ ధీమాతోనే నేను బీచ్ రోడ్డు వానలకు తట్టుకున్న గొడుగును వెంట తీసుకువెళ్లి, గట్టు చేరేలోపే దాని ఊచలు విరగ్గొట్టుకున్నాను. తలకు టోపీ కుట్టిన రెయిన్ కోటు, అడుగున పట్టున్న బూట్లు ఉంటే చాలు. చీర కుచ్చిళ్లు ఆ మెట్ల మీద కాళ్లకు అడ్డం పడతాయి, ఆ పూటకు సల్వార్ మేలు.

కోట ఎదురుగా కనిపిస్తున్నా దారి తిన్నగా పోదు. రెండు వందలకు పైగా మెట్లున్న ఆ దారిలో ముందు దాదాపు సముద్ర మట్టం దాకా దిగి, ఆ తరువాత కోట ద్వారం వైపు ఎక్కాలి. తిరిగి వచ్చేటప్పుడూ అంతే. సింహాచలం మెట్లు ఎక్కారు కదా అని మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని వెంటబెట్టుకుని దిగవద్దు, అక్కడైతే కొండ దిగడానికి బస్సు ఉంటుంది. వారిని ఇవతలి గట్టు మీదే కూర్చోబెట్టండి. దానికి టికెట్టు అక్కర్లేదు, పైగా కోట మొత్తం ఆకారం అక్కడి నుంచే బాగా తెలుస్తుంది. దిగేవారు దారి పక్కన రాతిని ఒకసారి చేత్తో తడిమి చూడండి: కంకర వేసిన కాంక్రీటులా, గుండ్రటి గులకరాళ్లు అందులో పొదిగి ఉంటాయి. ఆ రాళ్లు ఏర్పడి 40 కోట్ల ఏళ్లు దాటింది.

లోపల అన్ని గదులకూ సమానంగా సమయం ఇవ్వనవసరం లేదు. ఈ కోట చరిత్రలో ముఖ్య ఘట్టం 1651లో మొదలైంది. దండెత్తి వచ్చిన ఇంగ్లండ్ సేనాధిపతి క్రామ్‌వెల్ సేనల చేతికి చిక్కకుండా స్కాట్లండ్ రాజకిరీటాన్ని, రాజదండాన్ని, ఖడ్గాన్ని ఇక్కడ దాచారు. దాదాపు ఎనిమిది నెలల ముట్టడి తరువాత 1652లో కోట లొంగింది గాని, లోపల ఎంత వెతికినా అవి దొరకలేదు. అప్పటికే వాటిని రహస్యంగా బయటకు చేర్చి, సమీపంలోని కినెఫ్ చర్చి నేల కింద పాతిపెట్టారు. అందులో ఆ చర్చి పాస్టరు భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ పాత్ర పెద్దది. అవి ఇప్పుడు ఎడిన్‌బరో కోటలో ఉన్నాయి.

ఆ తరువాత విగ్స్ వాల్ట్ అనే నేలమాళిగలోకి వెళ్లండి. మత విషయాల్లో రాజు పెత్తనాన్ని ఒప్పుకోని 167 మంది స్త్రీపురుషులను 1685లో అందులో కుక్కారు.

నడిమి ఆవరణలో వెడల్పాటి గుండ్రటి నీటి తొట్టి ఉంది. చాలామంది దాన్ని దాటిపోతారు గాని, భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కినవారు అలా దాటిపోలేరు. అక్కడి బౌద్ధ భిక్షువులు బండను తొలిచి నీళ్లు నిలిపినట్టే, చుట్టూ ఉప్పునీరున్న ఈ కోటవారికీ తాగునీటిని పైనే దాచుకోవలసిన అవసరం వచ్చింది.

డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గుంకుతుంది, జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది. శీతకాలంలో వెళ్లేవారు ఉదయాన్నే బయలుదేరాలి. పులిహోర పొట్లం కట్టుకుని వెళితే గోడ చాటున కూర్చుని తినండి. గట్టు అంచున విప్పితే సముద్రపు పక్షులు చేతిలోంచే ఎగరేసుకుపోతాయి.